అలవాటు డబ్బా

మా గౌరుగాడు ఆ డబ్బా భుజాన వేసుకుని కొండెక్కి వచ్చిన రోజున, వాడికి మంచినీళ్లయినా ఇవ్వకుండా మొహం మీదే అడిగేశాను.

"ఇందులోంచి పిలిస్తే జీపు వస్తాదా, రాదా? అదొక్కటి చెప్పు. మిగతా ఇంగ్లీషు నాకొద్దు."

"వస్తాదత్తా."

"రాకపోతే?"

"రాకపోతే చదువు మానేసి నీకు మందుల పెట్టె మోస్తాను, సరేనా? ముందు నీళ్లియ్యి, గొంతు ఎండిపోతోంది."

గౌరునాయుడు మా తమ్ముడి కొడుకు. విశాఖపట్నంలో ఎంటెక్ చదువుతున్నాడు. నెట్‌వర్కులూ, కమ్యూనికేషన్లూ అంటాడు. నా మటుకు నాకు అది ఒకచోట అన్న మాట ఇంకోచోట వినిపించే చదువు. నేను సిరిపుట్టు సబ్‌సెంటర్లో నర్సుని. కాగితాల మీద ఏఎన్ఎమ్ వరహాలమ్మని, కొండ మీద నర్సమ్మని. పదకొండు ఊళ్లు నావి. ఏ ఊళ్లోనూ సెల్లు పలకదు. కింద ఆసుపత్రికి కబురు పంపాలంటే కాళ్లున్న మనిషి పరిగెత్తాలి.

ఆ ముందటేడు వానల్లో సుక్రి అని మా ఊరామెకి బిడ్డ అడ్డం తిరిగింది. వాళ్లాయన పరిగెత్తాడు. వాగు దాటి, కొండ దిగి, జీపు ఎక్కి వచ్చేసరికి సుక్రి లేదు. నా ఒళ్లోనే పోయింది. సంతకి దిగినప్పుడు ఫోన్లో ఈ సంగతి గౌరుగాడికి చెప్పాను.  కొన్నాళ్లు పోయాక నేను మళ్లీ సంతకి దిగితే వాడే చేసి, "అత్తా, నా ప్రాజెక్టు ఏటో తెలిసిపోయింది. మీ కొండే," అన్నాడు.

అదీ ఈ డబ్బా పుట్టుక. టిఫిన్ క్యారియర్ అంత ఉంటుంది. వెనక తీగ, ఆ తీగ మా పెరట్లో వెదురు గెడకి కట్టాడు. ముందు మాట్లాడడానికి చిల్లులు, పక్కన పచ్చదీపం, ఎర్రదీపం. దీని జంట డబ్బా కింద ఆసుపత్రిలో డాక్టరమ్మ హైమావతి గారి బల్ల మీద పెట్టాడు.

"దీంతో ఫోన్లోలాగ మాట్లాడీయొచ్చా?" అన్నాను.

"ఫోన్లో మాట ఊరేగింపుతో వెళ్తాదత్తా, ఏనుగులూ బాజాలూ అన్నీ. ఈ రెండు కొండల మధ్య రేడియోకి దొరికే దారి సందు. చీమలు ఒకదాని వెనక ఒకటి వెళ్లేంత. అందుకని నేనేటి చేశానంటే, నువ్వు మాట్లాడే తీరు ఈ డబ్బాకి నేర్పిస్తాను. కింద డబ్బాకీ అదే నేర్పిస్తాను. నువ్వు నోరు తెరవగానే ఏం చెప్పబోతున్నావో రెండిటికీ చాలామటుకు ముందే తెలుసు. తెలియని ముక్క ఏదుందో అదొక్కటే సందులోంచి వెళ్తాది. మిగతాదంతా అక్కడ డబ్బా నీ గొంతుతో అదే చెప్పేస్తాది."

"నా బదులు అది మాట్లాడీడమేట్రా!"

"నీలాగే మాట్లాడతాది. డాక్టరమ్మ గారు తేడా పట్టలేరు."

మొదటి వారం డబ్బాకి ఇంకా నేనెవరో తెలియదు. ఒక్కో అక్షరం పంపేది. "జీపు" అన్న మాట అటు చేరేసరికి నేను వక్క నమిలి మింగీసేదాన్ని. అయితేనేం, చేరింది. పరీక్షకని పిలిస్తే జీపు నిజంగానే వచ్చింది. ఊరంతా చుట్టూ మూగింది. డ్రైవరు టీ తాగి, అందరికీ నమస్కారం పెట్టి వెళ్లాడు. ఆ రోజు నేను సుక్రిని తలుచుకుని చాటుగా కళ్లు తుడుచుకున్నాను. ఇంక ఎవరూ అలా పోరని నమ్మేశాను.

తర్వాత నెలంతా డబ్బాకి పాఠాలు. మధ్యాహ్నం భోజనం అయ్యాక దాని ముందు కూర్చుని మాట్లాడాలి. ఇదిగో, ఇక్కడ జరిగిందే అసలు తమాషా. డబ్బా ముందు కూర్చోగానే నాకు నెలవారీ రివ్యూ మీటింగు గుర్తొచ్చేది. ఆ మీటింగుల సంగతి మా నర్సుల్ని అడగండి చెప్తారు. నిలబడి "మా దగ్గర ఫలానా ఇబ్బంది ఉందండీ" అన్నామా, "మరి నువ్వేం చేస్తున్నావు?" అని పైనుంచి ఒక్క అరుపు. అందుకని అందరం ఒకే పాట పాడతాం. నమస్కారమండీ, టీకాలు అయ్యాయండీ, అందరూ బాగున్నారండీ. డబ్బా ముందు కూడా నేను ఉతికిన చీర కట్టుకుని, మొహానికి పౌడరు రాసుకుని అదే పాట పాడాను. మేనల్లుడి చదువు కదా, పరువు నిలబెట్టాలా వద్దా?

గౌరుగాడు నెత్తి కొట్టుకున్నాడు. "మామూలుగా మాట్లాడు అత్తా. నన్ను తిడతావే, అలాగ."

"ఛీ ఛీ! అటు డాక్టరమ్మ గారుంటే తిట్లేట్రా?"

"సరేలే, నీ ఇష్టం," అని వాడూ నవ్వేసి వదిలేశాడు.

నెల తిరిగేసరికి డబ్బా నన్ను మింగేసింది. నేను "నమ" అనేలోపు అక్కడ "నమస్కారం డాక్టరమ్మ గారూ" అయిపోయేది. కిల్లో జమున అని మా ఊరి అమ్మాయే, పంతొమ్మిదేళ్లది, తొలిచూలు. వారం వారం దాని రక్తశాతం చూసి చెప్పేదాన్ని. "జమునకి రక్తం పది ఉందండీ, బాగానే ఉంది, జీపు అక్కర్లేదు." అది కూడా డబ్బాకి కంఠతా వచ్చేసింది.

ఆ రోజుల్లోనే మా తమ్ముడింటికి వెళ్లినప్పుడు గౌరుగాడు నన్ను వాళ్ల ల్యాబుకి తీసుకెళ్లాడు. ఏదో మధ్యలో జరిగే రివ్యూ అంట. అక్కడ కూడా రివ్యూలే! చల్లటి గది, వైర్లు, సగం తిన్న సమోసాల ప్లేట్లు. తెర మీద నా పేరు ఇంత లావున రాసి ఉంది. నా గొంతు వినిపించారు. నిజం గొంతు ఒకసారి, డబ్బా గొంతు ఒకసారి. నాకే తేడా తెలియలేదు. పిల్లలందరూ "ఆంటీ, ఏది మీది?" అని నన్ను ఏడిపించారు. వాళ్ల గైడు భుజంగరావు సారు దగ్గరకొచ్చి, "అమ్మా, మీ అయిదు నిమిషాల మాటని మావాడు ఒక్క చిన్న మెసేజిలో పట్టించేశాడు. మీ మాటల్లో నూటికి తొంభై ఏడు పాళ్లు డబ్బాకి ముందే తెలుసు," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, పిచ్చిదాన్ని.

తర్వాత బస్సులో కూర్చున్నాక మనసు చివుక్కుమంది. పెళ్లయిన మూడేళ్లకే పోయాడు మా ఆయన, ఆయనక్కూడా నా మాట అంత ముందుగా తెలిసేది కాదు. యాభై ఆరేళ్లు బతికి, పదకొండు ఊళ్లు తిరిగి, నా దగ్గర కొత్తది మూడు పాళ్లేనా అని ఉక్రోషం వచ్చింది. పక్కన కూర్చున్న గౌరుగాడితో ఆ మాటే అన్నాను.

"అదేం కాదత్తా, అది లెక్క, అంతే. సారు ఆ మూడు కూడా ఇంకా తగ్గించగలవా అన్నారు. తగ్గిస్తానన్నాను."

"ఎలా తగ్గిస్తావు?"

"తూకం వేసినప్పుడు కొట్టువాడు చిల్లర గ్రాములు వదిలేస్తాడు చూడు, అలాగ. నువ్వన్నది డబ్బాకి తెలిసిన మాటకి దగ్గరగా ఉంటే, ఆ తెలిసిన మాటకే సర్దేస్తాది. వెనకాల కోళ్ల కూతలూ, పిల్లల గోలా కూడా తీసేస్తాది. అప్పుడు సందులో ఇంకా చోటు మిగులుతాది. ఇంకో నాలుగు కొండలకి ఇవ్వొచ్చు."

నాలుగు కొండలంటే నాకూ ఆశ పుట్టింది. అక్కడ కూడా సుక్రిలుంటారు కదా. సరే కానీ అన్నాను. వాడొచ్చి డబ్బాకి అలాగే నేర్పి వెళ్లాడు.

వానలు మొదలైన నాలుగో రోజు పొద్దున్న. నేను పొయ్యి మీద గంజి పెట్టి, తడిసిన దూది ఆరబెడుతున్నాను. జమున మొగుడు గెన్ను పరిగెత్తుకొచ్చాడు. దారివైపు చెయ్యి చూపిస్తున్నాడు. వెనకాలే నలుగురు నులకమంచం మీద జమునని మోసుకొస్తున్నారు. ఎనిమిదో నెల. నొప్పులు లేవు, రక్తం మాత్రం ఆగకుండా పోతోంది. మంచం కింద నేల తడిసిపోయింది.

ఓలమ్మో అనుకున్నాను. పైకి అనలేదు. నొప్పి లేకుండా రక్తం పోతోందంటే బిడ్డ వచ్చే దారికి మాయ అడ్డంగా ఉన్నట్టు. నేను చెయ్యగలిగింది తక్కువ. ఎడమ పక్కకి పడుకోబెట్టి సెలైన్ ఎక్కించాను. కాళ్ల కింద ఎత్తు పెట్టాను. కడుపు కొయ్యాలి, రక్తం ఎక్కించాలి, అదంతా కింద. జీపు వస్తే బతుకుతాది, లేకపోతే లేదు. అంతే లెక్క.

డబ్బా ముందు కూర్చున్నాను. గొంతు వణకనివ్వలేదు. మాకు ట్రైనింగులో మొట్టమొదట నేర్పేదే అది, నర్సు గాభరా పడితే ఊరు గాభరా పడుతుందని.

"నమస్కారం డాక్టరమ్మ గారూ. జమునకి రక్తం పోతోందండీ. ఆగట్లేదు. జీపు పంపండి."

పచ్చదీపం వెలిగింది. కాసేపటికి డాక్టరమ్మ గారి గొంతు. "నమస్కారం వరహాలమ్మ గారూ. సంతోషం. ఐరన్ మాత్రలు మానొద్దని చెప్పండి."

నాకు అర్థం కాలేదు. ఈవిడకేమైనా మతి పోయిందా? మళ్లీ చెప్పాను, ఒక్కో మాటా విడదీసి, నింపాదిగా. జమునకి. రక్తం. పోతోంది. జీపు. పంపండి.

పచ్చదీపం. "అలాగేనమ్మా. వచ్చే వారం మళ్లీ చూద్దాం."

వెనక జమున మూలుగుతోంది. గెన్ను గడప పట్టుకుని నిలబడ్డాడు. "జీపు వస్తాదా నర్సమ్మా?" అన్నాడు. ఆ కుర్రాడి మొహం నేను చూడలేకపోయాను. మూడోసారి చెప్పాను. మూడోసారీ పచ్చదీపమే. మూడోసారీ డాక్టరమ్మ గారు సంతోషమే అన్నారు.

అప్పుడు నాకు తిక్క రేగింది. ముప్పై ఏళ్ల ట్రైనింగు, అండీలూ గిండీలూ అన్నీ గాలికి పోయాయి. రెండు చేతుల్తో డబ్బాని పట్టుకుని ఊపేస్తూ, మా అమ్మమ్మ చేపల బజార్లో తిట్టే తిట్లు అందుకున్నాను.

"ఒసే డబ్బా, నీ పాడె కట్టా! నీ జిమ్మడా! నీ నెత్తిన పిడుగు పడా! ఇక్కడ గుంట చచ్చిపోతుంటే సంతోషమేటే నీకు? నీ నోట్లో దుమ్ము కొట్టా!"

ఇంకా అన్నాను. అవన్నీ రాయలేను.

ఎర్రదీపం వెలిగింది. మొదటి వారం తర్వాత అది వెలగడం అదే. డబ్బా కిర్రుమంటూ ఏదో పంపడం మొదలెట్టింది. ఎంతసేపటికీ అవదు. గెన్ను నావైపు భయంగా చూస్తున్నాడు, నర్సమ్మకి పిచ్చెక్కిందని.

ఆఖరికి డాక్టరమ్మ గారి గొంతు వచ్చింది. ఈసారి అది వేరేగా ఉంది. "వరహాలమ్మ గారూ, ఏదో జరిగింది. ఎవరికి? మీరు ఆ తిట్టడం ఆపకండి, తిడుతూనే చెప్పండి!"

తిడుతూనే చెప్పాను. "నీ జిమ్మడా, జమునకే! రక్తమే! కాలవలాగ పోతోందే నీ మొగం మండా! మాయ అడ్డమే! జీపు తేవే, రక్తం తేవే!"

ఎర్రదీపం, ఎర్రదీపం. ఒక్కో అక్షరం ఆ సందులోంచి చీమలాగ పాకి వెళ్లింది.

డాక్టరమ్మ గారే జీపులో వచ్చారు. వాగు దగ్గర జీపు ఆగిపోతే, డోలీ కట్టి జమునని మేమే అక్కడిదాకా దించాం. పెద్దాసుపత్రికి ఆవిడ ముందే కబురు చేశారు. గెన్ను రక్తం ఇచ్చాడు, జీపు డ్రైవరు ఇచ్చాడు. కడుపు కోసి బిడ్డని తీశారు. ఆడపిల్ల, పావురాయంత. గాజుపెట్టెలో పెట్టారు. జమునకి రక్తం ఆగక గర్భసంచి తీసెయ్యాల్సి వచ్చింది. బతికింది. ఇంక పిల్లలు పుట్టరు.

ఆసుపత్రి వరండాలో డాక్టరమ్మ గారు నా పక్కన బెంచీ మీద కూలబడ్డారు. "మీ గొంతే వరహాలమ్మ గారూ. మీ నమస్కారమే. 'జమునకి రక్తం పది ఉందండీ, బాగానే ఉంది, జీపు అక్కర్లేదు' అని మూడుసార్లు చెప్పారు. నేను మందుల చీటీలు రాసుకుంటూ సంతోషం, సంతోషం అంటూ కూర్చున్నాను. ఆ తర్వాత డబ్బా రోబోలాగ ఒక్కో అక్షరం పలుకుతూ నీ పాడె కట్టా అంది. లైన్లో రోగులందరూ విన్నారు. మీరేమో దోమని కూడా అండీ అనే మనిషి. అప్పుడు నాకు ఒళ్లు జలదరించింది." ఆవిడ నవ్వబోయి ఏడ్చేశారు. మొదటిసారికే వచ్చి ఉంటే గర్భసంచి దక్కేదేమో అన్నారు. 

గౌరుగాడు మర్నాడు కొండెక్కాడు.  డబ్బాకి లాప్‌టాప్ తగిలించి, ఆ పొద్దుటి సంగతంతా తిరగేసి చూసి, వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అన్నం పెడితే ముట్టలేదు.

"డబ్బా నువ్వన్నది సరిగ్గానే విన్నాదత్తా. ఒక్క మాట తప్పు పోలేదు. విని, వరహాలమ్మ ఇలాగ అనదు అనుకుంది. అనే మాటకి సర్దీసింది. నువ్వు నిమ్మళంగా చెప్పావు కదా, దాన్ని ఇంకా నమ్మించినట్టయింది."

"జమున మూలుగుతోంది కదరా వెనకాల? అదీ వినలేదా?"

వాడు తలొంచుకున్నాడు. "వెనక చప్పుళ్లు తీసెయ్యమని నేనే నేర్పాను. జమున మూలుగూ కోడికూతా దానికి ఒకటే."

నా చెయ్యి లేచింది. కొట్టలేదు. ఆ చేత్తోనే గోడ పట్టుకున్నాను.

"దీన్ని తీసుకెళ్లిపోతాను," అన్నాడు. "చదువూ మానేస్తాను. ఆ అమ్మాయి మొహం ఎలా చూడను?"

"తీసుకెళ్లు. తీసుకెళ్లి సముద్రంలో పారెయ్యి. మళ్లీ గెన్నుని కొండ కిందకి పరిగెత్తించు. వచ్చే వానకి ఇంకో గుంట నా ఒళ్లో చావనీ, నీకేం, నువ్వు ఏడుపు మొహం పెట్టుకుని ఇంట్లో కూర్చో!" నాకు కోపం వస్తే ఆగదు. "సిగ్గు లేకపోతే సరి! పాడుచేసినవాడివి బాగుచెయ్యవా? లే, అన్నం తిను."

లేచాడు. తిన్నాడు. తిన్నాక లాప్‌టాప్ ముందేసుకుని, బాగా పొద్దుపోయాక నాతో అన్నాడు: "ఇన్నాళ్లూ తెలిసింది అందంగా చెప్పడం దీనికి నేర్పాను అత్తా. నేర్పాల్సింది అది కాదు. తను అనుకోనిది వినపడితే, అది ఎంత చిన్నదైనా సరే, ముందు అదే వెళ్లాలి. గొంతులో తేడా, ఊపిరిలో తేడా, వెనక మూలుగు. తెలిసిన నమస్కారాలు తీరిగ్గా తర్వాత వెళ్లినా పర్వాలేదు."

కాలేజీలో పెద్ద గొడవే అయిందంట. అలా చేస్తే వాడి లెక్కలు పడిపోతాయి, తొంభై ఏడు పాళ్ల గొప్పంతా పోతుంది, చెప్పుకోడానికి ఏమీ మిగలదు. ఇంకో సెమిస్టరు పడుతుంది. నాలుగు కొండల మాటా ఇప్పట్లో లేదు. భుజంగరావు సారు అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసి, "నేనే కదయ్యా ఆ మూడు కూడా తగ్గించమన్నది," అన్నారంట. సెమిస్టరు ఇచ్చారు.

మళ్లీ పాఠాలు మొదలయ్యాయి. ఈసారి ఉతికిన చీర లేదు, పౌడరు లేదు. నా మంచి మాట డబ్బాకి చాలు. ఇప్పుడు కావలసింది నా భయం, నా ఏడుపు, నా కోపం. అవి ఎలా ఉంటాయో వినకపోతే వాటిని ఎలా పోల్చుకుంటుంది?

కోపానికి ఇబ్బంది లేదు, గౌరుగాడు ఎదురుగానే ఉన్నాడు. ఏడుపే రాలేదు. ఏడవమంటే ఎలా వస్తుంది? "అయ్యో, ఎంత కష్టం వచ్చింది దేవుడా" అని రాగం తీశాను. జమున అక్కడే ఉంది, పిల్లని ఒళ్లో పెట్టుకుని. పిల్ల కాస్త ఒళ్లు చేసింది. జమున పడీపడీ నవ్వింది. "నర్సమ్మా, నువ్వు ఏడిస్తే తోలుబొమ్మలాట చూసినట్టుంది!" ఆ అమ్మాయి అలా నవ్వగలదని నేననుకోలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక చాలా రోజులు గోడకేసి పడుకునేది. గౌరుగాడు దాని ఎదుట తలెత్తలేకపోయేవాడు. ఒక రోజు అదే వాడిని పిలిచి, "ఆ డబ్బాలో నా మూలుగు కూడా పెట్టు. ఈసారి ఎవరు మూలిగినా దానికి తెలియాలి," అని చెప్పి, వాడి ఒళ్లో పిల్లని పడేసి నీళ్లకి వెళ్లింది. వాడు పిల్లని ఎలా పట్టుకోవాలో తెలియక బిగుసుకుపోయాడు.

ఆ రాగాలు తీసిన రోజునే, అందరూ వెళ్లిపోయాక, నేను డబ్బా ముందు ఒక్కదాన్నే ఉండిపోయాను. దానికి సుక్రి సంగతి చెప్పడం మొదలెట్టాను. ఎందుకు మొదలెట్టానో తెలియదు. సుక్రి చెయ్యి నా చేతిలో ఎలా చల్లబడిందో చెప్పాను. ఆ రోజు ఏడవడానికి కూడా తీరిక లేదు, సుక్రి పెద్దపిల్లాడికి అన్నం పెట్టాలి, కాగితాలు రాయాలి, మర్నాడు టీకాలు. సుక్రి నన్ను ఆఖర్న "నర్సమ్మా, జీపు వినిపిస్తోందా?" అని అడిగింది. వినిపిస్తోందమ్మా అన్నాను. జీపు ఎక్కడుంది? వాన చప్పుడు. అది చెప్తూ చెప్తూ ఏడ్చేశాను. రాగాలేమీ లేవు. ముక్కు కారిపోయి, చిన్నపిల్లలాగ వెక్కిళ్లు పెట్టాను.

గుమ్మంలో గౌరుగాడు నిలబడి ఉన్నాడు. వాడి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. "ఆపెయ్యనా అత్తా?" అన్నాడు.

"ఆపకు," అన్నాను. "దాన్ని విననీ."

వాడి పరీక్ష అయిపోయింది. మార్కులు గొప్పగా ఏమీ రాలేదు గానీ పాసయ్యాడు. పరీక్ష చెయ్యడానికి పైనుంచి వచ్చినాయన, మొదట్లో నీ డబ్బా ఇంతకి పది రెట్లు పొదుపుగా ఉండేది కదా, మరి వెనక్కి నడిచావా అని అడిగారంట. ఔను సార్, నడిచాను, అని జమున సంగతి మొత్తం చెప్పేశాడంట. ఇప్పుడు అక్కడే పీహెచ్‌డీలో చేరాడు. పొదుపూ ఉండాలి, మాటా పోకూడదు, దారి ఉంటాది అత్తా, వెతుకుతాను అంటున్నాడు. పక్క కొండ మీద ఇంకో డబ్బా పెట్టాడు. ఈ ఏడు వానల్లో మా పదకొండు ఊళ్లలో ఒక పాముకాటూ, రెండు కష్టం కాన్పులూ. మూడుసార్లూ జీపు వచ్చింది. నేను తిట్టాల్సిన పని పడలేదు.

మొన్న చలికాలంలో ఒక పొద్దున్న రోజూలాగే డబ్బా ముందు కూర్చున్నాను. "నమస్కారం డాక్టరమ్మ గారూ. టీకాలు అయ్యాయండీ. జమున పిల్ల బరువు బాగుంది, నడుస్తోంది. జ్వరాలు రెండు తగ్గాయి. అందరూ బాగున్నారండీ." నిజంగానే అందరూ బాగున్నారు. ఒక్కటీ కల్పించలేదు.

 డాక్టరమ్మ గారు అడిగారు. "వరహాలమ్మ గారూ, మరి మీకేమైంది?"

"నాకేటండీ? నాకేం లేదు."

"కాదు. మీరు చెప్పింది రాక ముందే మీ ఊపిరి వచ్చింది నాకు. మాట మాటకీ ఆయాసం. మధ్యలో పళ్లు కొట్టుకుంటున్న చప్పుడు. ఇది రోజూ వినే గొంతు కాదంటోంది డబ్బా. నాకూ అలాగే ఉంది. ఏమైంది మీకు?"

 నాలుగు రోజులుగా చలిజ్వరం. మాత్ర వేసుకోవడం, శాలువా కప్పుకోవడం, ఊళ్లు తిరగడం. అది చెప్పాల్సిన విషయమని నాకు తోచనే లేదు. ఇన్నేళ్లుగా పదకొండు ఊళ్ల ఒళ్లు నేను చూసి చెప్తున్నాను. ఎవరి రక్తం ఎంత, ఎవరి బరువు ఎంత, ఎవరికి ఎన్నో నెల. నీకెలా ఉందని నన్ను అడిగినవాళ్లు లేరు. అడగలేదని నాకు కోపమూ లేదు, ఎందుకంటే నేనూ ఎప్పుడూ అడుక్కోలేదు.

కళ్లల్లో నీళ్లు తిరిగాయి. జ్వరం వల్లే అనుకున్నాను ముందు.

"చలిజ్వరమండీ," అన్నాను. "నాలుగు రోజులైంది. పొద్దున్న లేవలేకపోయాను."

"ఇంకా?"

ఇంకా అని అడిగారు ఆవిడ. అప్పుడు చెప్పాను. మోకాళ్ల నొప్పి సంగతి, వాగు దాటుతుంటే కళ్లు తిరిగే సంగతి, ఒక్కదాన్నే పడుకుంటే అర్ధరాత్రి గుండె దడదడలాడే సంగతి. చాలాసేపే చెప్పాను. డాక్టరమ్మ గారు మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.